పెద్ద జబ్బు తర్వాత బొమ్మలు, ముగ్గు, పాట: తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షవాతం, క్యాన్సర్, గుండె ఆపరేషన్, డయాలసిస్. గండం గడిచి ఇంటికొచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది: పొద్దున్న లేచి ఏం చెయ్యాలి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామందివి ఒంటి కష్టం మీద నడిచిన బతుకులు. పొలం, కొబ్బరితోట, జీడితోట, చేపల వేట, మగ్గం. బరువెత్తొద్దని, ఎండలో తిరగొద్దని డాక్టరు చెప్పిన రోజునే ఆ మనిషి చేతిలో పని పోతుంది. అలాంటివాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

బొమ్మలేస్తే జబ్బు తగ్గుతుందా?

తగ్గదు. మందులు, డయాలసిస్, ఫిజియోథెరపీ దేని చోటులోకీ ఇది రాదు. తగ్గుతుందని ఎవరైనా చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి. వేళ్లకి పని దొరుకుతుంది, ధ్యాస ఒకచోట నిలుస్తుంది, జబ్బు తప్ప మాట్లాడుకోవడానికి ఇంకో విషయం ఇంట్లోకి వస్తుంది. ఇంతవరకే ఆశించండి. ఇది తక్కువేం కాదు.

మా నాన్నగారు జన్మలో కుంచె పట్టలేదు. "ఈ వయసులో ఈ బొమ్మలేటి?" అని కసురుతున్నారు. ఎలా ఒప్పించాలి?

ఒప్పించొద్దు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నలభై ఏళ్లు నలుగురికి అన్నం పెట్టిన మనిషి చేతికి పిల్లల రంగుల పుస్తకం ఇచ్చి "కాలక్షేపానికి వేసుకో" అంటే ఎవరికైనా చిన్నతనంగా ఉంటుంది. కాలక్షేపం అన్నమాట తీసేసి, ఎవరికో నిజంగా కావలసిన పని ఒకటి చేతిలో పెట్టండి.

అంగన్‌వాడీకి అక్షరాల అట్టలు మంచి మొదలు. మీ వీధి అంగన్‌వాడీ టీచరమ్మతో ముందే మాట్లాడి, ఆవిడే ఇంటికొచ్చి అడిగేలా చూడండి. పాత అట్టపెట్టెలు కోసి, పోస్టుకార్డుకి కాస్త పెద్దగా ముక్కలు చెయ్యాలి. ఒక పక్క అక్షరం, రెండో పక్క బొమ్మ. బొమ్మలు మన చుట్టూ ఉన్నవే కావాలి: జీడిపండు, పనసకాయ, తాటిముంజ, తెప్ప, వల. జీడిపండు బొమ్మలో గింజ ఎటు వేలాడాలో ఆయనకి తెలిసినంతగా డ్రాయింగు మాస్టారికి కూడా తెలియకపోవచ్చు. పట్టు అక్కడ దొరుకుతుంది.

వారానికి రెండు అట్టలు చాలు. పదింటికి ఒప్పుకుంటే మొదటి వారమే నీరసం వస్తుంది, మాట తప్పామన్న దిగులు దానికి తోడవుతుంది. ఇంకో తప్పు ఇంట్లోవాళ్లది: గీత వంకరపోయిందని కోడలో మనవడో సరిచేసేస్తారు. అలా చేశారా, ఆ అట్ట ఆయనది కాకుండా పోతుంది. ఊరికే "అబ్బ, ఎంత బావుందో" అనడం కూడా వద్దు. "ఈ ఆకుపచ్చ ఎలా వచ్చింది?" అని అడగండి, జవాబు వస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

కూర్చుని పదిహేను నిమిషాలు మాట్లాడినా ఆయాసం, కళ్లు తిరగడం లేకపోతే మొదలుపెట్టొచ్చు. కుట్లు మానకపోయినా, జ్వరం ఉన్నా ఆగండి. రోజులో ఒంట్లో బాగుండే గంట ఒకటి ఉంటుంది, ఎక్కువమందికి అది ఉదయం టిఫిన్ తర్వాత. ఆ గంటని టీవీకి ఇవ్వకండి.

మొదట ఏమేం కొనాలి?

కొద్దిగానే. పన్నెండు రంగుల మైనపు క్రేయాన్లు లేదా ఆయిల్ పాస్టెల్స్ పెట్టె ఒకటి, 4బీ పెన్సిళ్లు రెండు, డ్రాయింగ్ షీట్లు పది, మాస్కింగ్ టేపు ఒకటి, పిల్లలు పరీక్షకి తీసుకెళ్లే ప్యాడ్ ఒకటి. నీటిరంగులు రెండో నెలలో చూద్దాం. వాటికి మందపాటి కాగితం, 200 జీఎస్ఎం పైన ఉన్నది కావాలి. పల్చటి కాగితం తడికి ఉబ్బి రంగు గుంటల్లోకి చేరిపోతుంది, వేసినవాళ్లు తమ చెయ్యే బాలేదనుకుంటారు. లోపం కాగితంది.

మన తీరం గాలిలో తేమ ఎక్కువ. వానాకాలం పోస్టర్ కలర్ సీసాల్లో బూజు పడుతుంది, మే నెలలో ఆయిల్ పాస్టెల్ మెత్తబడి చేతికి అంటుతుంది. బూజు పట్టిన రంగు పైపైన తీసేసి వాడకండి, పారేయండి. ఖరీదైన ఈజిల్, కాన్వాసు ఎవరైనా బహుమతిగా తెస్తే ఆరు నెలలు అటక మీద ఉంచండి. పెద్ద తెల్ల కాన్వాసు ముందు కూర్చుంటే బాగున్నవాళ్లకే చెయ్యి కదలదు.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో వస్తుందా?

వస్తుంది, కానీ సన్నటి పనితో మొదలుపెడితే రాదు. అలవాటు లేని చేతికి వేళ్ల కంటే భుజం ముందు మాట వింటుంది. అందుకే మొదటి రెండు వారాలు పెద్ద కాగితం, లావు క్రేయాను. చార్టు కాగితాన్ని సగం చేసి, బల్ల మీద పరిచి, నాలుగు పక్కలా టేపు వెయ్యండి. కాగితం కదిలితే గీత పోతుంది, గీత పోతే ఓపిక పోతుంది. నిలువు గీతలు, అడ్డగీతలు, తర్వాత పెద్ద సున్నాలు, తర్వాత సున్నాల లోపల రంగు నింపడం. పూటకి పది నిమిషాలు, మధ్యలో ఒకసారి ఆపాలి. మూడో వారానికి కాగితం సైజు తగ్గించండి.

క్రేయాను సన్నగా ఉండి జారుతుంటే పాత బనియన్ గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి. బొటనవేలంత లావు వచ్చేదాకా చుట్టాలి.

పడిపోయిన చెయ్యిని ఒళ్లో వదిలెయ్యకండి, బల్ల కింద వేలాడనివ్వకండి. పట్టు లేని భుజం వేలాడితే కీలు కిందికి జారి నొప్పి పుడుతుంది. ముంజేతిని బల్ల మీద, కాగితం అంచున బరువుగా పెట్టండి. అదీ పనిలో ఉందని కంటికి కనబడాలి. ఇక్కడొకటి గమనించాలి: ఎడమచెయ్యి గట్టిగా నొక్కి గీస్తున్నప్పుడు కుడిచెయ్యి దానంతటదే ముడుచుకుపోతుంది. అందరికీ కాదు గానీ, అలా ముడుచుకుంటుంటే పని కష్టమైందన్నమాట. ఆపి, ఇంకా లావు క్రేయాను, ఇంకా మెత్తటిది ఇవ్వండి. కుడిచేతిలో ఏ కొంచెం కదలిక తిరిగొచ్చినా ఆ వెంటనే ఫిజియోథెరపిస్టుకి చెప్పండి. ఎడమచెయ్యి బాగా వస్తోంది కదా అని కుడిదాన్ని మర్చిపోవడం ఇళ్లల్లో జరిగే పొరపాటు.

చూసి వెయ్యడానికి ఏం పెట్టాలని అడుగుతారు. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య (1921–1992) అంటే మన జిల్లాలో అందరికీ అభిమానమే, పాత చందమామ అట్ట తీసి ముందు పెట్టబుద్ధవుతుంది. వద్దు. ఆ నగల పని, ఆ పలచటి రంగులు మంచి చేతికే చిక్కవు. ఇత్తడి చెంబు, అరటిపండు, చెప్పుల జత పెట్టండి.

బొమ్మలో కుడి సగమే వేస్తున్నారు, ఎడమ వైపు ఖాళీగా వదిలేస్తున్నారు. చూపు తగ్గిందా?

చూపు బాగానే ఉండి కూడా ఇలా జరుగుతుంది. మెదడు కుడి పక్క దెబ్బతిన్నప్పుడు ఎడమ వైపు ప్రపంచం మీద ధ్యాస పోతుంది. కంచంలో కూడా ఎడమ పక్క అన్నం మిగులుతోందేమో చూడండి. మిగులుతుంటే డాక్టరుకి చెప్పాలి. చూపులోనే ఆ సగం పోయే సందర్భమూ ఉంది, రెండింటినీ విడదీసి చెప్పాల్సింది ఆయనే.

కాగితం ఎడమ అంచు పొడవునా ఎర్రటి టేపు అంటించండి. ప్రతి గీతకి ముందు "ఎర్ర గీత కనబడిందా?" అని అడగండి. కనబడేదాకా తల తిప్పాలి. సాయం చేసేవాళ్లు ఎడమ వైపు కూర్చోవాలి. మందలించడం దండగ, ఆయనకి ఆ సగం నిజంగానే లేదు. ఈ దశలో మనిషి ఒక్కరే రోడ్డు దాటకూడదన్నది బొమ్మల కంటే ముఖ్యమైన సంగతి.

మాట పోయింది, కానీ భజన పాట మొత్తం పాడుతున్నారు. కావాలనే మాట్లాడటం లేదా?

కావాలని కాదు. మాటకి ఎక్కువగా మెదడు ఎడమ భాగం ఆధారం, రాగానికి కుడి భాగం కూడా తోడుంటుంది. ఎడమ పక్క దెబ్బతిన్నా వరసతో నేర్చుకున్న పాట మిగిలి ఉండొచ్చు. పాట వచ్చినంత మాత్రాన మాట వచ్చేసినట్టు కాదు, కానీ దాని మీదుగా దారి వెయ్యొచ్చు.

రోజూ పనికొచ్చే మూడు ముక్కలు ఎంచుకోండి: "నీళ్లు కావాలి", "నొప్పిగా ఉంది", "ఇటు రండి". ఒక్కోదాన్ని హెచ్చు, తగ్గు రెండే స్వరాల్లో పెట్టండి. మొదట మీరు కూనిరాగం తీస్తూ ఆయన ఎడమచేతిని మీ చేతిలోకి తీసుకుని అక్షరానికొక దెబ్బ చొప్పున బల్ల మీద కొట్టించండి. తర్వాత ఇద్దరూ కలిసి మాటలతో పాడండి. ఆ తర్వాత సగంలో మీరు ఆగిపోండి, మిగతాది ఆయన పూర్తిచెయ్యాలి. చివరికి మామూలుగా "ఏం కావాలి?" అని అడగండి. స్పీచ్ థెరపిస్టు అందుబాటులో ఉంటే వాళ్ల చేత ముక్కలు ఎంపిక చేయించుకోవడం మేలు.

విజయనగరం 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి అధ్యక్షులు. పాట వినేవాళ్లకి, పాడేవాళ్లకి ఈ చుట్టుపక్కల కొదవ లేదు. రామాలయంలో శనివారం భజనకి తీసుకెళ్లి వంతపాట వరసలో కూర్చోబెట్టండి. అందరితో కలిసి పాడేటప్పుడు తప్పిన మాట ఎవరికీ వినబడదు. తాళాలు వాయించే బాధ్యత అప్పగిస్తే వారం వారం వెళ్లక తప్పదు, మనకి కావలసింది ఆ తప్పనిసరే.

డయాలసిస్ జరుగుతున్నంతసేపూ ఖాళీయే. అక్కడ వెయ్యొచ్చా?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. పోనూ రానూ ప్రయాణం వేరు. వెయ్యొచ్చు. ముందు యూనిట్ సిస్టరుని అడగండి.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి కదలకూడదు. సాధారణంగా రాసే చెయ్యి కాకుండా రెండో దానికే ఫిస్టులా పెడతారు కాబట్టి రాసే చెయ్యి ఖాళీగా ఉంటుంది. ప్యాడ్‌ని ఒళ్లో దిండు మీద ఏటవాలుగా పెట్టాలి, ఫిస్టులా చెయ్యి మీద ఆనించకూడదు. దాని మీద నుంచి వంగి వస్తువులు అందుకోకూడదు, సూది కదిలితే ప్రమాదం. అందుకే కావలసినవన్నీ ముందే ఒక జిప్పు సంచిలో పెట్టుకుని రాసే చేతి పక్కనే ఉంచుకోవాలి: ఆరు రంగు పెన్సిళ్లు, ఒక పెన్ను, సగం ఏ4 సైజు కాగితాలు.

పెన్సిళ్లు ఇంట్లోనే చెక్కి తీసుకెళ్లండి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, ఆ పూట చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. కాబట్టి బ్లేడు, కత్తెర, సూది వద్దు. నీళ్లు, బొగ్గు, సుద్ద, రంగుపొడి కూడా వార్డులోకి తేకండి. మీ సంచి పక్క మంచానికి ఇవ్వకండి, వాళ్లది తీసుకోకండి. ఇది పిసినారితనం కాదు, ఇన్ఫెక్షన్ జాగ్రత్త.

మొదటి గంటన్నర గీతలకి మంచి సమయం. తర్వాత బీపీ తగ్గొచ్చు. చివరి గంటలో కాళ్లు కొంకర్లు పోవచ్చు. కళ్లు మసకబారినా, ఆవలింతలు ఎక్కువైనా, వాంతి వచ్చేలా ఉన్నా పెన్సిలు పక్కన పెట్టి సిస్టరుని పిలవండి. "ఈ ఆకు అయిపోనీ" అనుకోవద్దు. డయాలసిస్ అయి ఇంటికెళ్లాక ఆ రోజు బొమ్మ పని పెట్టుకోకండి, మర్నాడు చూసుకోవచ్చు.

ఏం వెయ్యాలంటారా? ఎదురుగా ఉన్నదే. సెలైన్ స్టాండు, కిటికీ, నిద్రపోతున్న పక్కాయన పాదాలు. మొహం వేస్తే మాత్రం ముందు అడగాలి.

కిడ్నీ జబ్బున్నవాళ్లు ఏ రంగులకి దూరంగా ఉండాలి?

సీసం, పాదరసం, కాడ్మియం ఉన్నవన్నీ. ఇవి మూడూ కిడ్నీని దెబ్బతీసేవే. "పాతకాలం సహజ రంగులు" అనగానే మంచివనుకుని మోసపోతాం. బొమ్మలకి వాడే సింధూరం సీసంతో తయారయ్యేది. ఇంగిలీకం పాదరసం, హరిదళం పాషాణం (ఆర్సెనిక్). సహజమే, విషమే. ట్యూబు మీద కాడ్మియం అని ఉంటే వదిలెయ్యండి. టర్పెంటైన్, థిన్నర్ వాసన మూసిన గదిలో పీల్చకూడదు, కాబట్టి ఆయిల్ పెయింటు, ఎనామిల్ వద్దు.

జేగురు, ఎర్రమన్ను, సుద్ద, బొగ్గు, బియ్యప్పిండి వాడుకోవచ్చు. పసుపు కూడా సరే, కాకపోతే ఎండ తగిలే గోడకి తగిలిస్తే కొద్ది రోజుల్లో వెలిసిపోతుంది. కుంచె మొన నోట్లో పెట్టి కుదించే అలవాటు ఈ రోజు నుంచే మానాలి. కుంచె కడిగే గ్లాసు తాగే గ్లాసులా ఉండకూడదు. నీళ్లు కొలిచి తాగేవాళ్లకి నాలుక ఎండిపోయి ఉంటుంది, పనిలో పడితే చెయ్యి తెలియకుండా గ్లాసు మీదికి పోతుంది. పాత పెయింట్ డబ్బా మూత వాడండి.

తాటాకు, కొబ్బరిచిప్ప పని చెయ్యొచ్చా అని ఉద్దానంలో అడుగుతారు. తాటాకు నానబెట్టి, ఫిస్టులా చేతికి పొడుగు చేతుల చొక్కా వేసుకుని చెయ్యొచ్చు, ఎండిన ఈనె కత్తిలా కోస్తుంది. కొబ్బరిచిప్ప గరుకు కాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దాలి. పొడి దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

కీమో నడుస్తోంది. ఏ జాగ్రత్తలు?

కీమో ఎక్కించాక ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా సాధారణంగా తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి. ఆ రోజుల్లో తడి బంకమట్టి, పాత రంగుపొడులు, నలుగురూ కుంచెలు ముంచిన నీళ్లు వద్దు. కొత్త క్రేయాన్లు, కొత్త కాగితం చాలు. వేళ్లు తిమ్మిరెక్కినవాళ్లు కత్తెర, వేడి గ్లూ గన్ ముట్టుకోవద్దు, కాలినట్టు తెలియదు. కొన్ని మందులకి చల్లటిది తాకితే వేళ్లు జివ్వుమంటాయి, అప్పుడు కుంచెకి గోరువెచ్చటి నీళ్లు పెట్టుకోండి. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీయించుకున్నవాళ్లు ఆ పక్క చేతికి సూది గుచ్చుకోకుండా, గాటు పడకుండా చూసుకోవాలి. ఎంబ్రాయిడరీ చేస్తే ఆ వేలికి తొడుగు ఉండాల్సిందే.

బైపాస్ అయింది. మళ్లీ తప్పెటగుళ్లు ఆడొచ్చా?

గుండె డాక్టరు సరే అనేదాకా ఆడకూడదు. కోసిన ఛాతీ ఎముక అతుక్కోవడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. తప్పెట కట్టేది సరిగ్గా ఆ ఛాతీ మీదే, పైగా గెంతులు. అప్పటిదాకా చేతులు తల పైకెత్తి గోడలకి రంగులెయ్యడం, వీణ ఎత్తి దించడం కూడా వద్దు. బొబ్బిలి వీణ పనస దుంగలోంచి తొలిచింది, బరువే. కుర్రాళ్లకి పాటలు, అడుగులు కూర్చునే నేర్పొచ్చు. గురువు గెంతకపోయినా బృందం నడుస్తుంది.

కింద కూర్చోలేను, వంగలేను. ముగ్గు ఎలా?

బల్ల మీదికి తెచ్చుకోండి. రెండడుగుల చదరం ప్లైవుడ్‌కి నల్ల రంగు వేసి ఆరబెట్టి, కుర్చీలో కూర్చుంటే మోచెయ్యి ఎత్తుకి వచ్చేలా పెట్టుకోండి. వేళ్లకి ఇంతకంటే మంచి కసరత్తు కొనుక్కున్నా దొరకదు: బొటనవేలు, చూపుడువేలు పిండిని నలుపుతూ ఉండాలి, మణికట్టు నడుస్తూ ఉండాలి.

మొదట ఐదు చుక్కలు ఐదు వరసలు, సుద్దముక్కతో. అది కుదిరాక ఏడు చుక్కలు ఏడు వరసలు. ఆ తర్వాతే పిండి. చెయ్యి పలక మీద అంగుళం ఎత్తులో ఉండాలి. గీత తెగుతోందంటే పిండి పట్టు చాలట్లేదు, కుప్ప పడుతోందంటే చెయ్యి ఆగిపోతోంది. తేమకి పిండి ముద్ద కడితే అరగంట ఎండలో పెట్టండి. రాతి ముగ్గుపిండి కంటే బియ్యప్పిండే మేలు, ముఖ్యంగా టీబీ వచ్చి తగ్గినవాళ్లకి. మెలిక ముగ్గుకి ఇంకో సుగుణం ఉంది: ఎక్కడ ధ్యాస తప్పినా చివర్లో గీత కలవదు, తప్పు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నెలగంట పెట్టాక వీధిలో ఆడపిల్లలకి రోజుకొక కొత్త ముగ్గు కావాలి. ముందు రోజు సాయంత్రానికి కాగితం మీద వేసి ఇచ్చే పని మీరు తీసుకోండి.

మంచం దిగలేని మనిషికి?

కాగితం కత్తిరింపు. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్‌కి 1941లో క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఎక్కువ కాలం మంచం, చక్రాల కుర్చీ మీదే గడిచింది. సహాయకులు కాగితాలకి రంగు పూసి ఇస్తే ఆయన కత్తెరతో ఆకారాలు కోసేవాడు, ఎక్కడ పెట్టాలో చెబితే వాళ్లు గోడకి గుచ్చేవారు. శాంతినికేతన్‌లో చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీకి 1950లలో కంటి ఆపరేషన్ తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆయన కాగితం కత్తిరింపులు చేశాడు, 1972లో అక్కడి కళాభవన్ గోడకి టైల్స్‌తో చిత్రం చేశాడు. ఇంట్లో ఇద్దరు కావాలి: ఒకరు కోస్తారు, ఒకరు అంటిస్తారు. మొన గుండ్రంగా ఉన్న స్కూలు కత్తెర చాలు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చేత్తో చించి చెయ్యండి, అంచులు ఇంకా అందంగా వస్తాయి.

సవర బొమ్మలు నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. సవర గిరిజనులు ఉండే సీతంపేట ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఎర్రమట్టి పూత, దాని మీద బియ్యప్పిండి తెలుపు, గీతల మనుషులు: చేతికి సులువే. అయితే అవి సవరల ఇళ్లల్లో దేవుళ్లకి, పెద్దలకి వేసే బొమ్మలు, ఇంట్లో జబ్బు చేసినప్పుడు కూడా వేస్తారు. సవర కళాకారుల దగ్గరే నేర్చుకోండి, వాళ్ల రుసుం ఇవ్వండి. పూజ బొమ్మని మక్కీకి మక్కీ దించి గ్రీటింగు కార్డు మీద వెయ్యకండి.

వేస్తూ వేస్తూ ఏడుస్తున్నారు. ఆపెయ్యాలా?

ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కనే ఉండండి. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి దుఃఖం లేకుండానే ఏడుపో నవ్వో పొంగుకొస్తుంది, అది మెదడు దెబ్బ వల్ల. కానీ రెండు వారాలకి మించి నిద్ర, తిండి, మాట తగ్గిపోతే అది డిప్రెషన్ కావచ్చు. పక్షవాతం తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరికి వస్తుంది, మందులున్నాయి. చనిపోతానన్న మాట వస్తే బొమ్మల మీద ఆశపెట్టుకుని కూర్చోవద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అమ్మొచ్చా?

మొదటి ఏడాది వద్దని మా సలహా. అమ్మకం మొదలైతే గడువులు, బేరాలు వస్తాయి, బొమ్మ అమ్ముడుపోని రోజున జబ్బే గుర్తొస్తుంది. తర్వాత అడిగినవాళ్లకే అమ్మండి, కాగితం, రంగు ఖర్చుతో పాటు గంటల కూలి కూడా కలిపి ధర చెప్పండి. జబ్బు మనిషి వేశాడని జాలిపడి కొనేవాళ్లకి ఒకసారి అమ్మండి, రెండోసారి వద్దు.

మధ్యలో మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సొస్తే?

ఎదురుచూసేవాళ్లకి ముందే కబురు పెట్టండి: అంగన్‌వాడీ టీచరమ్మకి, భజన బృందానికి, ముగ్గు కోసం వచ్చే పిల్లకి. "రెండు వారాలు ఆలస్యమవుతుంది" అన్నంత చాలు. ఆ పని ఇంకొకరికి అప్పగించేయకండి. ఇంటికొచ్చాక ఆగిన చోటు నుంచి కాకుండా రెండు మెట్లు కిందికి దిగి మొదలుపెట్టాలి: ఏడు చుక్కలు వేస్తున్నవాళ్లు ఐదుకి, చిన్న కాగితం మీద వేస్తున్నవాళ్లు పెద్దదానికి. సగంలో ఆగిన అట్ట ఉంటే దాన్ని పక్కన పెట్టి కొత్తది తియ్యండి. అంతకుముందు చేతితో ఇప్పటి చేతిని పోల్చుకోవడానికి అది తప్ప ఇంకేం పనికిరాదు.